వద్దంటే వద్దని కాగితం మీద రాసివ్వండి సార్: నవ్వు గురించి ఒక రిటైర్డ్ కండక్టర్ బహిరంగ లేఖ

జిల్లా అధికారులకీ, పోలీసు అధికారులకీ, మున్సిపల్ కమిషనర్లకీ, ఇంకా రెండు తెలుగు రాష్ట్రాల్లో కళాక్షేత్రాల తాళాలు ఎవరెవరి టేబుల్ సొరుగుల్లో ఉన్నాయో ఆ పెద్దలందరికీ నమస్కారం.

నేను ఆర్టీసీలో 28 ఏళ్లు కండక్టర్‌గా చేసి రిటైర్ అయ్యాను, గోదావరి జిల్లా మాది. మా ఊరి పిల్లల కామెడీ షోని ఒక్క ఫోన్ కాల్‌తో ఆపేయించిన విషయం మీద ఇప్పటికి మూడు అర్జీలు పెట్టాను. మొదటిదానికి జవాబు లేదు, రెండోదానికి "సంబంధిత శాఖకు పంపడమైనది" అని మెసేజ్ వచ్చింది, మూడోదానికి "మీ సమస్య పరిష్కరించబడినది" అని వచ్చింది, ఏం పరిష్కరించారో మాత్రం అందులో లేదు. మా చిన్నమ్మాయి ఆ మెసేజ్ చదివి పడీ పడీ నవ్వింది, నాన్నా ఇది నేను స్టేజీ మీద చెప్పే జోకుల్లో పెట్టేసుకుంటా అంది. నాకు మాత్రం నవ్వు రాలా. అందుకే ఇలా నలుగురూ చూసేలా రాస్తున్నా. ఊరి పేరు, ఆఫీసు పేరు రాయట్లేదు, నాకు ఏ ఒక్కరి ఉద్యోగం మీదా కోపం లేదు, పైగా మాకొచ్చిన ఫోన్ రేపు ఏ ఊరోళ్లకైనా రావచ్చు.

జరిగింది ఇది. మా ఊళ్లో తొమ్మిది మంది పిల్లలు (పిల్లలంటే పాతికా ముప్పై ఏళ్ల వాళ్లు లెండి) ప్రతి నెలా రెండో ఆదివారం ఒక టిఫిన్ హోటల్ మేడ మీద ఓపెన్ మైక్ పెట్టుకుంటారు, అంటే ఒక్కొక్కరే మైకు ముందు నిలబడి జోకులు చెప్పే స్టాండప్ కామెడీ. 60 ప్లాస్టిక్ కుర్చీలు, ఒక మైకు, ఒక స్పీకరు, టికెట్ 99 రూపాయలు. ఒకడు రొయ్యల మేత కంపెనీలో సేల్స్, ఒకడు మెడికల్ షాపు, ఒకమ్మాయి ప్రైవేట్ స్కూల్లో టీచరు, మావోళ్ల పిల్ల కొరియర్ ఆఫీసు. వీళ్లెవరూ ఫేమస్ కాదు, అయ్యే తొందర కూడా పెద్దగా లేదు. ఏడాదిన్నర ఇలా నడిచాక ధైర్యం చేసి ఊళ్లో ఉన్న కళాక్షేత్రం బుక్ చేశారు. అద్దె 15 వేలు ముందే కట్టారు, సౌండుకి 9 వేలు, బ్యానర్లకి 1,800, హైదరాబాద్ నుంచి వచ్చే ఒక కమెడియన్‌కి రైలు టికెట్టు, రూము కలిపి 4,500. టికెట్ 150 పెడితే 312 అమ్ముడుపోయాయి. నేను గేటు దగ్గర టికెట్లు చింపే డ్యూటీ తీసుకున్నా, చెయ్యి ఊరుకోదు కదా.

షో ఆరున్నరకి. నాలుగుం పావుకి ఒక ఆఫీసు నుంచి ఫోన్. "ఇవాళొద్దు, ఇంకోసారి చూసుకోండి." ఎందుకండీ అంటే "పైనుంచి చెప్పారు" అన్నారు. పైన ఎవరండీ అంటే ఫోన్ పెట్టేశారు. పరిగెత్తుకుంటూ వెళ్తే 30 యాక్ట్ అమల్లో ఉంది అన్నారు. నేను చదువుకున్నోణ్ణి కాదు గానీ యూనియన్లో తిరిగినోణ్ణి, 30 యాక్ట్ అంటే 1861 పోలీసు చట్టంలో 30వ సెక్షను, అది రోడ్ల మీద సభలకీ ఊరేగింపులకీ సంబంధించింది, నాలుగు గోడల మధ్య టికెట్ కొనుక్కుని కుర్చీలో కూర్చునేవాడికి దాంతో ఏం పని అని అడిగా. సమాధానం లేదు. రాసివ్వండి సార్ అన్నా. అదీ లేదు.

అసలు కారణం సాయంత్రానికి తెలిసిపోయింది, మా ఊరు ఎంతని. రొయ్యల మేత కుర్రాడు పాత ఓపెన్ మైక్‌లో చెప్పిన ఒక 40 సెకన్ల ముక్క ఎవరో వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అందులో వాడన్నది ఏంటంటే, మా ఊళ్లో బస్టాప్ ఎక్కడుందో తెలియాలంటే ముందు పుట్టినరోజు ఫ్లెక్సీ చించాలి, అది చించితే నిన్నటి పుట్టినరోజు ఫ్లెక్సీ కనపడుతుంది, ఇలా తవ్వుకుంటూ పోతే 2009లో బయల్దేరిన బస్సు కోసం చూస్తున్న తాతగారు బయటపడతారు అని. ఎవరి పేరూ లేదు, పార్టీ లేదు, కులం లేదు. ఆ ఫ్లెక్సీ వెనకాల నిలబడి ఎండకి ఎండి బస్సు తప్పిపోయిన జనం నా దగ్గరికొచ్చి తిట్టేవాళ్లు, నాకు తెలుసు ఆ జోకులో ఎంత నిజం ఉందో. దానికి ఒక అభిమాని మనసు నొచ్చుకుందంట. ఆయన నొచ్చుకున్నాడు కాబట్టి 312 మంది ఇంటికి పోవాలి.

ఇంకో తమాషా చెప్తా వినండి. హాలు అద్దె వెనక్కి అడిగితే "క్యాన్సిల్ చేసుకుంది మీరే కదా, రూల్ ప్రకారం రీఫండ్ లేదు" అన్నారు. టికెట్ డబ్బులు 46,800 పిల్లలు పైసాతో సహా ఫోన్‌పేలో తిరిగిచ్చేశారు. మిగిలిన నష్టం 30,300, తొమ్మిది మందికి పంచితే మనిషికి 3 వేల 3 వందల చిల్లర. టీచరమ్మాయి జీతం 11 వేలు సార్.

"కామెడీ షో ఆగితే ఏం మునిగిపోయింది, అదేమైనా ఆస్పత్రా, రేషన్ షాపా" అని ఒక పెద్దమనిషి నన్నే అడిగాడు. ఆ మాట నాలో ఉండిపోయింది. అందుకే నవ్వు గురించి నాకు తెలిసింది చెప్తాను, నేనూ 28 ఏళ్లు నిలబడి చేసిన ఉద్యోగమే కదా, స్టాండప్పే అనుకోండి.

2015 గోదావరి పుష్కరాలు మీకు గుర్తుండే ఉంటాయి. మొదటి రోజు జులై 14న రాజమండ్రిలో తొక్కిసలాట జరిగి పాతిక మందికి పైగా పోయారు. ఆ మర్నాడు నాది స్పెషల్ బస్సు డ్యూటీ. బస్సులో నూట పది మంది దాకా ఉన్నారు, ఎవరూ మాట్లాడట్లా, చంటిపిల్లలు కూడా ఏడవట్లా. చీకటి పడ్డాక ఒక చోట బస్సు ఆగిపోయింది, లైట్లు పోయాయి, ఎవరో వెనకనుంచి పొగ అన్నారు, అంతే, వెనక డోరు మీదకి ఒక్కసారిగా తోసుకోవడం మొదలు. నేను ఎంత అరిచినా వినట్లేదు, విజిల్ ఊదినా వినట్లేదు. నాకేం తోచిందో తెలీదు గానీ గట్టిగా అన్నా, "అమ్మా, ఇప్పుడే కదా పాపాలు కడుక్కొచ్చారు, ఆ చంటిదాని కాలు తొక్కి మళ్లీ కొత్త పాపం ఎందుకు మూటగట్టుకుంటారు!" అని. ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ తర్వాత ముందు సీట్లోంచి ఒక ముసలమ్మ, "నీ చిల్లర పాపం ఎప్పుడు కడుక్కుంటావు నాయనా, పొద్దున్నించి నాకు రూపాయి బాకీ" అంది. బస్సు బస్సంతా గొల్లుమంది. నవ్వుతున్న మనిషి తొయ్యలేడు సార్, కావాలంటే మీరు ట్రై చెయ్యండి, చేతుల్లో బలం ఉండదు. తోసేవాళ్లు వెనక్కి జరిగారు, ఒక్కొక్కరే దిగారు, పొగ కాదు దుమ్ము. శాంతిభద్రతలు అని మీరంటారే, ఆ రాత్రి వాటిని కాపాడింది ఆ ముసలమ్మ రూపాయి.

(ఆ రూపాయి ఇచ్చేశా. రికార్డు కోసం చెప్తున్నా.)

అంచేత నవ్వు ఆగిపోతే మామూలు మనుషులకి ఏం పోతుందో నా లెక్కలో ఇదీ:

1. ఆ రోజు గేటు దగ్గర షో లేదు అని చెప్పింది నేనే కాబట్టి మొహాలు నేనే చూశాను. ఒక స్టాఫ్ నర్సమ్మ రెండు నైట్ డ్యూటీలు ఎక్కువ చేస్తానని ఒప్పుకుని ఆ సాయంత్రం సెలవు తెచ్చుకుంది. ఒక రైస్ మిల్లు గుమాస్తా వాళ్ల నాన్నని తీసుకొచ్చాడు, పెద్దాయన భార్య పోయి మూడు నెలలైందంట, ఇంట్లోంచి బయటికి రావడం ఇదే మొదటిసారంట. కొడుకు నాతో గొడవ పడుతుంటే ఆయన మెట్ల మీద కూర్చుని చెప్పులు సరిచేసుకుని, "పోన్లేరా, ఇంటికెళ్లి పడుకుందాం" అన్నాడు. ఆ మాటకి ఎవరి మీద అర్జీ పెట్టాలో నాకు తెలీదు.

2. టీవీ ఉంది కదా, ఫోన్లో రీల్స్ ఉన్నాయి కదా అంటారు. ఫోన్లో చూసి మనం ముక్కుతో గాలి వదుల్తాం, దాన్ని నవ్వు అనుకుంటాం. మా అమ్మాయి చదివి చెప్పింది, రాబర్ట్ ప్రొవైన్ అని అమెరికా సైంటిస్టు ఒకాయన జనం ఎప్పుడెప్పుడు నవ్వుతారో ఏళ్ల తరబడి గమనిస్తే, ఒంటరిగా ఉన్నప్పటి కంటే పక్కన మనుషులున్నప్పుడు 30 రెట్లు ఎక్కువ నవ్వుతారని తేలిందంట. ఆక్స్‌ఫర్డ్‌లో రాబిన్ డన్‌బార్ అనే ప్రొఫెసరు, వాళ్ల టీమూ ఇంకా విచిత్రమైన పని చేశారు, కలిసి కామెడీ చూసినవాళ్ల చేతికి బీపీ పట్టీ బిగించడం, ఐసు తొడుగు తొడగడం లాంటివి చేసి ఎంతసేపు ఓర్చుకుంటారో చూశారు, అందులో ఒక పరీక్ష స్కాట్లండ్‌లో ఎడిన్‌బరో కళల పండగలో స్టాండప్ షోల దగ్గరే పెట్టారు. పగలబడి నవ్వినవాళ్లు నొప్పిని ఎక్కువసేపు ఓర్చుకున్నారు. 2011లో అచ్చయింది అది. నర్సమ్మకి ఈ సంగతి చెప్తే "మాకెవరూ పట్టీ బిగించక్కర్లేదు అంకుల్, జీతం వచ్చిన పదో తారీఖుకే బిగుసుకుంటుంది" అంది. ఆవిణ్ణి కూడా స్టేజీ ఎక్కించాలి.

3. పనులు. సౌండు కుర్రాడు, బయట టీ బండి, పునుగుల బండి, ఆటోలు. పెళ్లిళ్ల సీజన్ కాని రోజుల్లో ఇలాంటివే వాళ్లకి ఆధారం. ఇది అందరికీ తెలిసిందే, సాగదీయను.

4. మాటకి అలవాటు పోవడం. ఇదే నాకు అన్నింటికంటే భయంగా ఉంది. ఆ తర్వాత నెల ఓపెన్ మైక్‌కి వెళ్తే పిల్లలందరూ వాళ్లమీద వాళ్లే జోకులేసుకుంటున్నారు. నా పొట్ట, నా నలుపు, నా ఇంగ్లీషు, నా పెళ్లి కాకపోవడం. రోడ్డు లేదు, కుళాయి లేదు, కరెంటు బిల్లు లేదు, కాలేజీ ఫీజు లేదు. ఫ్లెక్సీ కుర్రాడు అసలు రావడమే మానేశాడు, రొయ్యల ధర పడిపోయింది అంకుల్ పని ఎక్కువుంది అంటాడు, ధర పడితే పని తగ్గాలి గానీ పెరుగుతుందేంటి? ఒక్క ఫోన్ కాల్‌తో తొమ్మిది నోళ్లు మూతపడ్డాయి, కేసు లేదు, కోర్టు లేదు, ఖర్చు లేదు.

5. ఇది మనకి కొత్తగా ముంబై నుంచి వచ్చిన జబ్బు అనుకుంటున్నారు కొందరు పెద్దలు. అయ్యా, పిట్టల దొర ఎవరు? ఖాకీ చొక్కా, తల మీద దొర టోపీ, భుజాన కట్టె తుపాకీ, ఒక్కడే వీధి మధ్యలో నిలబడి నాకు ఇన్ని ఎకరాలు ఇన్ని బంగళాలు అని కోతలు కోస్తుంటే తెలంగాణ పల్లెల్లో జనం విరగబడి నవ్వేవాళ్లు, ఆ వేషం ఎవర్ని ఎక్కిరిస్తుందో అసలు దొరకీ తెలుసు, పోలీసు పటేల్‌కీ తెలుసు. తోలుబొమ్మలాటలో రాముడు రావణుడు ఎంత సీరియస్‌గా కొట్టుకుంటున్నా మధ్యలో కేతిగాడు, బంగారక్క దూరి ఊళ్లో సంగతులు కడిగేసేవాళ్లు. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరుంటే ఒకరిది రాజకీయం, ఒకరిది హాస్యం, ఆ రెండూ చెరో పక్కా ఉండాలని మనవాళ్లు ఎప్పుడో అనుకున్నారు. చివరికి అష్టావధానం లాంటి పండితుల వ్యవహారంలో కూడా అప్రస్తుత ప్రసంగం అని ఒక కుర్చీ వేసి, అవధాని గారిని అడ్డదిడ్డంగా ప్రశ్నలడిగి ఏడిపించడానికే ఒక మనిషిని పిలిచి శాలువా కప్పుతారు. స్టాండప్ వాళ్లు హెక్లర్ అనేది ఆయన్నే, కాకపోతే వీళ్లు శాలువా ఇవ్వరు. వరంగల్ మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ గారు నాయకుల గొంతుల్ని వాళ్ల ఎదురుగానే అనుకరించి నవ్వించి, 1971లో ఐక్యరాజ్యసమితిలో కూడా ప్రదర్శన ఇచ్చి, 2001లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయనకి నాలుగుం పావుకి ఎవరూ ఫోన్ చెయ్యలేదు కాబట్టి మనకి ఆయన మిగిలారు.

నవ్వు నాలుగు విధాల చేటు అనే సామెత కూడా మనదే, ఒప్పుకుంటా. మయసభలో నవ్విన నవ్వు కురుక్షేత్రం దాకా పోయిందని మా నాన్న కూడా చెప్పేవాడు. కానీ అక్కడ మడుగులో పడింది దుర్యోధనుడు, ఒళ్లు మండింది దుర్యోధనుడికి, ఇన్ని వేల ఏళ్లుగా తప్పు మాత్రం నవ్విన ఆడమనిషిది. ఆలోచించండి.

పొద్దున్నే పార్కుల్లో లాఫింగ్ క్లబ్బులున్నాయి, వాటికి మీ ప్రోత్సాహం బాగానే ఉంది, ఫొటోలు కూడా దిగుతారు. నేనూ రెండు నెలలు వెళ్లాను, ఊపిరితిత్తులకి మంచిదే. దాని కథ తెలుసా? 1995 మార్చిలో ముంబైలో మదన్ కటారియా అనే డాక్టరు గారు ఐదుగురితో ఒక పార్కులో మొదలుపెట్టారు. మొదట్లో జోకులే చెప్పుకునేవారంట. కొన్నాళ్లకి మంచి జోకులైపోయి, మిగిలినవి కొందరు నొచ్చుకునేలా ఉండేసరికి, జోకు తీసేసి నవ్వు ఒక్కటే ఉంచుకున్నారు. అప్పట్నించీ హా హా హో హో. అది ఎక్సర్‌సైజు, నేను తప్పు పట్టను. కానీ ఊరు మొత్తానికీ అదే కావాలంటే ఎలా సార్, దేని గురించీ కాని నవ్వు, ఎవరికీ తగలని నవ్వు, చేతులు పైకెత్తి లైన్లో నిలబడి నవ్వే నవ్వు.

ఇక్కడ కమెడియన్లకి కూడా ఒక మాట. మీరందరూ పత్తిత్తులని నేననట్లేదు. 2024 జులైలో ఒక తండ్రీకూతుళ్ల వీడియో మీద ఆన్‌లైన్లో అసహ్యంగా వాగిన యూట్యూబర్‌ని తెలంగాణ పోలీసులు అరెస్ట్ చేశారు, మంచి పని చేశారు. 2025 ఆగస్టులో వికలాంగుల మీద జోకులేసిన పేరున్న కమెడియన్లని సుప్రీంకోర్టు క్షమాపణ చెప్పమంది, అదీ సబబే. బలం లేనివాడి మీద జోకేస్తే అది జోకు కాదు, బస్సులో ఫుట్‌బోర్డు మీద వేలాడేవాణ్ణి కాలితో తన్నడం లాంటిది. మా పిల్లలకి కూడా ఇదే చెప్తా, ఒకడు నత్తి వాళ్ల మీద ఏదో రాసుకొస్తే నేనే చింపేశా. కానీ ఒకటి చూశారా, ఆ రెండు చోట్లా ఏం మాట్లాడారో బయటికొచ్చాక, చట్టం ప్రకారం, నలుగురికీ తెలిసేలా జరిగింది. మా కుర్రాళ్లు ఇంకా మైకే పట్టుకోలేదు. మాట్లాడకముందే తప్పు చేసినవాళ్లయ్యారు.

ఇది దేశం మొత్తం మీద జరుగుతున్నదే. 2021 జనవరి 1న ఇండోర్‌లో కమెడియన్ మునవ్వర్ ఫారూఖీని అరెస్ట్ చేసి నెల రోజులకి పైగా జైల్లో ఉంచారు, చివరికి సుప్రీంకోర్టు బెయిల్ ఇచ్చింది. అదే ఏడాది నవంబర్ 28న బెంగళూరులో ఆయన షో ఆపేయించారు. 2025 మార్చిలో ముంబై ఖార్‌లో కమెడియన్ కునాల్ కామ్రా వీడియో తీసిన హ్యాబిటాట్ హాలుని ఒక పార్టీ కార్యకర్తలు పగలగొడితే, మర్నాడు కార్పొరేషన్ వాళ్లు కూడా వచ్చి కొంత కూల్చారు, హాలు వాళ్లు మూసేస్తున్నాం అని చెప్పుకోవాల్సొచ్చింది. జోకేసింది ఒకడు, గోడలు కూలింది ఇంకొకడివి. అది టీవీలో చూశాకే మా టిఫిన్ హోటల్ ఓనరు గారు మేడ మీద సీసీ కెమెరా పెట్టించి, "రాజకీయాలొద్దమ్మా" అని బోర్డు కూడా రాయించారు. ఎక్కడి ఖార్, ఎక్కడి మా మేడ.

కానీ మన దగ్గరే ఇంకోలా కూడా జరిగింది. అదే మునవ్వర్ షో 2022 ఆగస్టు 20న హైదరాబాద్ శిల్పకళా వేదికలో జరిగింది. ఆపేస్తామని బెదిరింపులు గట్టిగానే వచ్చాయి, అయినా పోలీసులు భారీ బందోబస్తు పెట్టి షో నడిపించారు. ఆయన జోకులు నాకు అన్నీ నచ్చుతాయా అంటే లేదు. అది పాయింటు కాదు. తలుచుకుంటే మీరు చెయ్యగలరు అనేదే పాయింటు. లామకాన్ అనే కళా వేదికలో 2010 నుంచి బంజారాహిల్స్‌లో నాటకాలూ పాటలూ ఓపెన్ మైకులూ నడుస్తున్నాయి, హైదరాబాద్ ఏమీ మునిగిపోలేదు. జిల్లా ఊళ్లకి మాత్రం ఆ భాగ్యం ఎందుకుండకూడదు, ఇక్కడోళ్లకి నవ్వాలంటే వందేభారత్ ఎక్కి వెళ్లాలా?

చట్టం కూడా మీకు అడ్డం లేదు. 1989లో ఎస్.రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది, ఎవరో గొడవ చేస్తామన్నారు కాబట్టి మాట ఆపేస్తాం అనడం కుదరదు, బెదిరించేవాళ్లని అదుపు చెయ్యడం ప్రభుత్వం పని అని. 2025 మార్చి 28న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ అనే కవి, ఎంపీ కేసులో జస్టిస్ ఓకా, జస్టిస్ భూయాన్ ఇచ్చిన తీర్పులో కవిత్వం, నాటకం, సినిమా వీటితో పాటు స్టాండప్ కామెడీ అనే మాట కూడా రాసి ఇవన్నీ మనుషుల జీవితానికి అర్థం పెంచేవే అన్నారు. ఒక మాటని తూచేటప్పుడు ధైర్యం, నిబ్బరం ఉన్న మనిషిని కొలతగా పెట్టుకోవాలి గానీ ప్రతిదానికీ బెదిరిపోయేవాణ్ణి కాదు అని కూడా అన్నారు. నాటకాల్ని నిషేధించడానికి ఇంగ్లీషోళ్లు 1876లో తెచ్చిన చట్టాన్ని 2018లో మన కేంద్ర ప్రభుత్వమే రద్దు చేసింది. చట్టం పోయింది, ఫోన్ మిగిలింది.

మేము అడిగేవి పెద్ద కోరికలేం కాదు:

1. వద్దంటే వద్దని కాగితం మీద ఇవ్వండి. ఏ సెక్షను, ఏం కారణం, ఎవరి సంతకం. ఫోన్లో వద్దంటే మేము ఎవరి దగ్గరికీ వెళ్లలేం, కోర్టులో ఏం చూపించాలి, కాల్ లిస్టా? 28 ఏళ్లలో నేను రూపాయి టికెట్ కూడా కాగితం లేకుండా ఇవ్వలేదు, ఇస్తే సస్పెండ్ చేసేవాళ్లు. మిగతావన్నీ ఒప్పుకోకపోయినా ఇదొక్కటి ఒప్పుకోండి.

2. 15 రోజుల ముందు దరఖాస్తు పెడతాం. వారంలో జవాబివ్వండి. జవాబు రాకపోతే పర్మిషన్ ఇచ్చినట్టే అని ఒక సర్క్యులర్ వెయ్యండి. షోకి రెండు గంటల ముందు ఆపడం అనేది ఉండకూడదు, అంత కొంప మునిగే కారణం ఉంటే అది కూడా కాగితం మీదే.

3. గొడవ చేస్తామని బెదిరించినవాళ్ల పేరు, నంబరు మీ దగ్గర ఉంటుంది. కేసు వాళ్ల మీద పెట్టండి, తాళం మా హాలుకి వెయ్యకండి.

4. జోకు మీద ఫిర్యాదు వస్తే నేరుగా ఎఫ్ఐఆర్ కట్టకుండా, పైన చెప్పిన తీర్పులో సుప్రీంకోర్టు చెప్పినట్టు బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173(3) కింద డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ చెయ్యండి. మొత్తం వీడియో చూడండి, వాట్సాప్‌లో వచ్చిన 40 సెకన్లు కాదు.

5. కళాక్షేత్రాలు నెలలో సగం రోజులు ఖాళీగా దుమ్ము పట్టి ఉంటున్నాయి, ఏసీ కూడా ఎలుకలు కొరికేస్తున్నాయి. నెలకొక్క సాయంత్రం ఊళ్లో పిల్లలకి తక్కువ అద్దెకి ఇవ్వండి, కామెడీకే కాదు, హరికథకీ, బుర్రకథకీ, మిమిక్రీకీ ఎవరికైనా. ఆరొందల సీట్ల హాలులో అరవై మందికి కర్టెన్ అడ్డం కట్టి ఇచ్చినా చాలు.

6. మా 15 వేలు.

మావైపు నుంచి కూడా రాసిస్తాం: పెద్దవాళ్లకి మాత్రమే అయితే ముందే బోర్డు పెడతాం, కులం మీదా వైకల్యం మీదా జోకులుండవు, టైముకి ముగిస్తాం, కుర్చీలు విరిగితే కడతాం. అడిగితే స్క్రిప్ట్ మాత్రం ఇవ్వం, ఇవ్వలేం కూడా, సగం మంది స్టేజీ ఎక్కేదాకా ఏం చెప్పాలో వాళ్లకే తెలీదు.

వచ్చే నెల రెండో ఆదివారం మళ్లీ దరఖాస్తు పెట్టాం, అదే హాలు, అదే ఆరున్నర. రైస్ మిల్లు గుమాస్తాకి ఫోన్ చేసి చెప్పా, నాన్నగారికి మెట్లెక్కే పని లేకుండా పక్క గేటు తీయిస్తానన్నా. మీకు కూడా రెండు పాసులు కవర్లో పెట్టి ఈ లేఖతో పాటు పంపుతున్నాం, ముందు వరసలో సీట్లు. ఒక్క జాగ్రత్త చెప్పాలి సార్, ముందు వరసలో కూర్చున్నవాళ్లని ఈ పిల్లలు ఊరికే వదలరు, ఏం ఉద్యోగం, ఎంత జీతం అని అడుగుతారు. ఇబ్బంది అనుకుంటే గేటు దగ్గర నన్ను అడగండి, వెనక వరస ఇప్పిస్తా, చిల్లర సిద్ధంగా ఉంచుకోండి.

ఇట్లు,
టికెట్లు చింపే రిటైర్డ్ కండక్టర్
(మా చిన్నమ్మాయి టైప్ చేసింది, తప్పులుంటే తనవి, జోకులుంటే నావి)